కిరాయి గదిలోనే పోయిన మా అత్త

మొన్న సూర్యాపేటలో మా కూతురితో కలిసి కిరాయి ఇల్లు చూడబోతే, ఇంటాయన నీళ్ల సంగతి, కరెంటు సంగతి చెప్పకముందే మీ ఇంట్లో పెద్దవయసు వాళ్లున్నారా అని అడిగి, నా వైపు చూశాడు. ఆ చూపు మా కూతురికి అర్థం కాలేదు గానీ నా వయసువాళ్లకు చెప్పనక్కరలేదు. కిరాయి ఇంట్లోంచి పీనుగ లేవకూడదు. లేస్తే ఇంటికి కీడట, ఆ గది మళ్లీ ఎవరూ తీసుకోరట.

ఆ ఇల్లు మాకు రాలేదు, వేరే చోట దొరికింది. నా మనసు మాత్రం మిర్యాలగూడలో, రైసు మిల్లుల వెనకాల ఉన్న మేం కిరాయికున్న ఏడు గదుల వరుసకు పోయింది. పెన్‌పహాడ్ దిక్కు నుంచి బతకడానికి వచ్చి, మా ఆయన మిల్లులో బస్తాలు మోస్తే నేను అక్కడే నూకలు చెరిగేదాన్ని. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు, ఓనరమ్మ చెప్పిందే చట్టమనుకునేదాన్ని. అందుకే మా వరుసలో చివరి గదిలో ఉండే అక్క భర్త జబ్బుపడి ఆఖరి ఘడియల్లో ఉన్నప్పుడు, బయటికి తీసుకుపొమ్మని ఓనరమ్మ అంటే, ఆ మంచానికి ఒక కోడు పట్టి గేటు దాటించిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆయన రోడ్డు పక్కన టార్పాలిన్ పరదా కింద, లారీల దుమ్ములో పోయాడు. తప్పు చేశామని మాలో ఒక్కరికీ తోచలేదు, లోకమంతా అంతే కదా అనుకున్నాం.

మరుసటి ఏడు మా అత్త వంతు వచ్చింది. దవాఖానాలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఊళ్లో మా ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. ఆటోలో తెచ్చేసరికి ఓనరమ్మ గేటు మూస్తూ ఉంది. నేను బతిమాలుతుండగానే చివరి గది అక్క వచ్చి, గేటు రెక్కల నడుమ కాళ్లు చాపుకుని కూర్చుంది.

“మా ఆయన్ను రోడ్డు మీద పండవెట్టిన. ఇంకెవ్వర్ని పండవెట్టనియ్య. ఈ ముసలమ్మకు జాగ లేకుంటే ఏడు అర్రలు ఇయ్యాల్నే ఖాళీ చేస్తం, కీడు లేని ఇల్లు నువ్వే ఏలుకో అమ్మా!”

ఆ మాట ఆమె మమ్మల్ని అడిగి అన్నది కాదు. అయినా ఒక్కొక్క గదిలోంచి ఆడవాళ్లు వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు, ఏడు నెలల కడుపుతో ఉన్న పిల్లతో సహా. ఆటోలో పడుకున్న మా అత్తకు ఒంట్లో సత్తువ పోయింది గానీ నోట్లో పోలేదు.

“నెల కిరాయి కట్టిండ్రు గదనే, నెల నిండేదాంక నేనేడికి పోను తియ్!”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఓనరమ్మ గొణుక్కుంటూ పక్కకు జరిగింది.

మా అత్త పందొమ్మిది రోజులు బతికింది. ఆ గడప నుంచే, డప్పులతోనే సాగనంపాం. ఆ గదిలోనే మేం ఆ తర్వాత ఆరేళ్లు ఉన్నాం, ఏ కీడూ రాలేదు. సంగతి తెలిసి పక్క వరుసల వాళ్లు పిలిస్తే వెళ్లాం. ఆ అక్కా నేనూ కోదాడ దాకా పోయి, పురుడైనా చావైనా ఉన్న గదిలోనే అని ఓనర్లతో ముందే కాగితం మీద రాయించుకోండని కిరాయివాళ్లకు చెప్పి వచ్చాం. ఆ కాగితాలు నేనే చదవాలన్న పంతంతోనే నలభై దాటాక పలక పట్టాను.

ఇప్పుడు మేం దిగింది మూడంతస్తుల కిరాయి ఇల్లు. ఆ రోజుల్లో ఒకే నల్లా దగ్గర బిందెల కోసం తిట్టుకుంటూనే ఒకరి కష్టం ఒకరం తెలుసుకునేవాళ్లం. ఇప్పుడు ఎవరి నల్లా వాళ్లకుంది, పక్క తలుపు వెనక ఎవరున్నారో తెలియదు, పోయినవాళ్లను దవాఖానా నుంచి నేరుగా శ్మశానానికే తీసుకుపోతున్నారు, ఇంట్లో వద్దనే శ్రమ కూడా చాలామంది ఓనర్లకు లేకుండా పోయింది. ఆ అక్కా లేదు. నేను మాత్రం రోజుకొక తలుపు తట్టి, పేరడిగి, జర సేపు కూర్చుని వస్తున్నాను. పై అంతస్తులో ఒకాయన ఇంకా తలుపు తీయలేదు. రేపు మళ్లీ పోతాను.