పొగలేని బొగ్గులు

మా అక్కకు పిచ్చి లేదు. ఈ మాట సూరత్ లింబాయత్‌లో మా గల్లీ వాళ్లందరికీ నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. ఒక్కరూ చెవిన పెట్టలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

అక్కకు కాన్పయింది సూరత్‌కు ప్లేగు వచ్చిపోయిన తర్వాతి చలికాలంలో. అమ్మ లేదు గనక పుట్టింటి కాన్పు మాట ఎవరూ ఎత్తలేదు. బాపూ నేనూ ఉండేది మరమగ్గాల కార్ఖానా మీద ఒక్క గదిలో. కింద మగ్గాలు ఆడుతుంటే పక్కవాళ్ల మాటే వినపడేది కాదు, ఇక పసిపిల్ల నిద్రపోవడమెక్కడ? అలా కాన్పు అత్తింట్లోనే అయింది. బాలింత గుడ్డలు ఉతకడానికి, నీళ్లు కాయడానికి నేను రోజూ అక్కడికి వెళ్లేదాన్ని.

బాలింతను చూసుకోవడంలో తనను మించినవాళ్లు లేరని అక్క అత్తగారి నమ్మకం. మా వాళ్లలో బాలింతకు చల్లగాలి సోకకూడదు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద నిప్పుల కుంపటి, మూసిన తలుపు. తెలంగాణలో మా ఊళ్లో ఇవన్నీ పెంకుటిళ్లలో సాగేవి, పెంకుల సందుల్లోంచి పోవలసినదంతా పైకి పోయేది. ఇక్కడ అక్కకు ఇచ్చింది స్లాబు వేసిన వెనకగది. దానికున్న ఒక్క గవాక్షానికి, ఎలుకలు దూరకుండా, ప్లేగు భయంలో రేకు కొట్టేశారు. తలుపు కింది సందులో అత్తగారు గోనెసంచి కుక్కింది.

ఆమె ఏదీ మోటుగా చెయ్యలేదు, అది ఒప్పుకోవాలి. బొగ్గులు గల్లీలో రాజేసి, పొగంతా పోయి ఎర్రగా కణకణలాడేదాకా ఆగి, అప్పుడు లోపల పెట్టేది. పొగ పసిపిల్ల కళ్లకు మంచిది కాదని ఆ జాగ్రత్త. పొగ పోయాక బొగ్గుల్లో ఇంకేం చెడు మిగిలి ఉంటుందని ఎవరనుకుంటారు? వాసన రాదు, కళ్లు మండవు, దగ్గు రాదు. పొగే ఉండి ఉంటే అక్క ఎప్పుడో తలుపు తోసుకుని బయటపడేది.

మొదట తలనొప్పి అంది. తర్వాత వాంతులు. పథ్యం తప్పి ఏదో తిన్నదని అత్తగారు నన్ను అనుమానంగా చూసింది. ఆ గదిలో కాసేపు కూర్చుంటే నాకూ తల దిమ్మెక్కేది, బయటికొస్తే తగ్గేది. ఆ మాటంటే పని దొంగనని తిట్టింది. బావ రాత్రిపాళీ చేసి పగలు కార్ఖానాలోనే పడుకునేవాడు. బాలింత గదిలోకి మగవాళ్లు అడుగు పెట్టకూడదు కదా, ఆయనకు ఏ నొప్పీ లేదు.

రానురాను అక్క నాకు తెలియని మనిషయింది. మగ్గం మీద తెగిన పోగుకు కనురెప్ప పాటులో ముడి వేసే పిల్ల, పసిదాని గుడ్డకు ముడి వెయ్యలేక చేతుల వంక చూస్తూ కూర్చునేది. పాలిచ్చిందో లేదో గుర్తుండేది కాదు. ఉత్తపుణ్యానికి నవ్వేది. ఒకరోజు అన్నం పళ్లెం గోడకేసి కొట్టి, ఎవరు కొట్టారని నన్నే అడిగింది. పాప కూడా రోజంతా మత్తుగా పడుకునేది. ఏడవని పిల్ల, బంగారు తల్లి అని అత్తగారు మురిసిపోయింది. ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

స్నానానికి బయట నీళ్లు పోయే మోరీ దగ్గర కూర్చోబెడితే మాత్రం కాసేపటికి మళ్లీ మా అక్కయ్యేది. నన్ను పేరుపెట్టి పిలిచేది, బాపు తిన్నాడా అని అడిగేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు దీన్నీ కనిపెట్టారు. కనిపెట్టి ఏమన్నారంటే, నలుగురిలో బాగానే ఉంటోంది, గదిలోకి పోతేనే వేషాలు, పని ఎగ్గొట్టే నాటకమని. కళ్లెదుట ఉన్నదాన్ని అంత చక్కగా చూసి, అంత తప్పుగా అర్థం చేసుకున్నవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

ఒక పొద్దున అక్క దిండుకు గుడ్డ చుట్టి జోకొడుతూ కనిపించింది. పాప వట్టి నేల మీద, కుంపటి పక్కన ఉంది. అత్తగారు పిల్లను లాక్కుని ముందుగదికి తీసుకుపోయింది. ఆ రోజు అలా లాక్కోబట్టే పాప బతికి ఉంటుంది, కాదనను. కానీ కోడలికి గాలి సోకిందని, ఒంట్లో వేడి చాలలేదని తేల్చి, రెండో కుంపటి కూడా ఆ గదిలోనే పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం నేను జావ తీసుకుని తలుపు తోస్తే అక్క మంచం మీంచి జారి పడి ఉంది. పిలిస్తే పలకలేదు. గల్లీ వాళ్లు ఆటోలో వేసి దవాఖానకు తీసుకెళ్లారు.

అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, మూసిన గదిలో బొగ్గులు పెట్టారా అని. అవునన్నాను. తల పట్టుకున్నాడు. బొగ్గులు గాలాడని చోట కాలితే ఒక విషవాయువు వస్తుందనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ, అది నెత్తురులో చేరి ప్రాణవాయువును మెదడుకు అందనివ్వదనీ హిందీలో విడమరచి చెప్పాడు. మతిమరపు, కోపం, నవ్వు, అన్నీ దాని పనేనన్నాడు. ఆక్సిజన్ పెట్టారు. కళ్లు తెరిచి అక్క అడిగిన మొదటి మాట పాప ఏదని.

మా గదికి తెచ్చుకున్నాం. కొన్నాళ్లు ఎంత బాగుందో చెప్పలేను. కూర వండింది, బాపును ఆటపట్టించింది. మంచిరోజు చూసి పాపను పంపిస్తామని బావ చెప్పిపోయాడు. ఆ మంచిరోజు వచ్చేలోపే అక్క మళ్లీ కూలిపోయింది. ఈసారి నవ్వూ లేదు, కోపమూ లేదు. పెట్టినచోట కూర్చునేది, బట్టల్లోనే తడిపేసుకునేది. అదే డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆ విషం దెబ్బ తిన్న మెదడు కొందరిలో తేరుకున్నట్టే తేరుకుని మళ్లీ జారుతుందని, నెలలు పట్టినా చాలామంది కోలుకుంటారని, ఓపిక పట్టమని చెప్పాడు.

ఓపిక ఎవరికుంది? కులపెద్దలు కూర్చున్నారు. బాపు డాక్టరు చెప్పిందంతా అప్పజెప్పి, కావాలంటే వచ్చి ఆయన్నే అడగమని బతిమాలాడు. గుజరాతీ డాక్టరుకు మన పురుళ్ల సంగతి ఏం తెలుసని ఒక పెద్దమనిషి నవ్వాడు. అప్పుడు అత్తగారు లేచింది.

"నా కాన్పులన్ని గదే కుంపటి మీద అయినయ్. నాకు లేని పిచ్చి దీనికెట్ల లేచింది? బొగ్గులతోనే అయితే, బొగ్గులు తీసేసినంక మల్ల ఎందుకొచ్చింది? చెప్పుండ్రి జర."

 పెంకుటిల్లు వేరు, స్లాబు గది వేరన్న జవాబు నా దగ్గర ఉంది, కానీ ఆడపిల్ల మాట ఎవరు అడుగుతారు? బావ తల వంచుకుని కాలిబొటనవేలితో చాప గీరుతూ కూర్చున్నాడు. పిచ్చిదాని చేతికి పసిపిల్లను ఇవ్వకూడదన్నారు. తెంపులు చేసి ఆ పెళ్లి రద్దు చేసేశారు.

అక్క కోలుకుంది. డాక్టరు చెప్పినట్టే, మెల్లగా. ముందు మాట, తర్వాత ఆకలి, తర్వాత సిగ్గు వచ్చాయి. మరుసటి ఏడు ఎండాకాలం వచ్చేసరికి కార్ఖానాలో పనికి కుదిరింది. బాపు వెళ్లి, నా బిడ్డ బాగయింది, పిల్లనివ్వండి అని అడిగాడు. అప్పటికే బావకు రెండో పెళ్లయింది. పాప ఆమెకు అలవాటు పడిందట, ఇప్పుడు కదిలిస్తే బెంగ పెట్టుకుంటుందట. ఎంత దయగలవాళ్లో చూడండి.

ఆ రెండో ఆమెకు కాన్పయినప్పుడు ఒక పొద్దున నేను ఆ గల్లీలోంచి పోవలసి వచ్చింది. తల తిప్పకూడదనుకుంటూనే తిప్పాను. చలికాలమే. వెనకగది దాకా తలుపులు బార్లా తీసి ఉన్నాయి. గవాక్షానికి కొట్టిన రేకు లేదు. కుంపటి బయట అరుగు మీద ఉంది. అత్తగారు నన్ను చూసింది, చూడనట్టు మొహం తిప్పుకుంది.

అంటే ఆమె నమ్మింది. డాక్టరు మాట పొల్లు పోకుండా నమ్మింది. పెద్దల ముందు మాత్రం నమ్మలేదు.

ఒళ్లంతా మండిపోతూ ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. మళ్లీ పంచాయతీ పెట్టిద్దామన్నాను, ఆ ముసలిదాన్ని నలుగురిలో కడిగేద్దామన్నాను. అక్క నన్ను ఆపలేదు, అంతా వింది. చివరికి ఒక్కటే అడిగింది.

"తలుపులు తీసే ఉన్నయంటున్నవ్ గద చెల్లె. లోపట నా బిడ్డ కనవడ్డదా?"

కనబడింది. కొత్త బాలింత మంచం మీద, ఆమె ఒళ్లో తలపెట్టుకుని, అమ్మా అని ఏదో అడుగుతోంది.

లేదక్కా, కనబడలేదు అన్నాను.