రేలీన్ నంబర్లు

తన ఒంట్లో ఏ కొత్త మార్పు వచ్చినా ఊరంతటికీ టముకు వేసి చెప్పందే రేలీన్‌కి టీ గొంతు దిగదు.

యాభై మూడేళ్ళ మనిషి. ముట్లు ఆగిపోయే వయసు. ఆ వయసులో ఒంట్లోంచి ఆవిర్లు రావడం, ఒళ్ళు చెమటలతో తడిసిపోవడం కురాబిన్ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. అలాంటి పాతసరుకు రేలీన్ ముట్టదు. ఎవరూ విననివే చెబుతుంది. చెప్పినవాటికి వరసగా నంబర్లు ఇస్తుంది.

“ఆరో నంబరు!” అంది ఓ శనివారం, బార్నీ మాంసం కొట్టు జనంతో కిటకిటలాడుతుండగా. “చెవి లోపల దురద. పైన కాదు బార్నీ, లోపల. మెదడుకి ఆనుకుని.”

“చాప్స్ ముక్కలు ఎన్ని కావాలి?” అన్నాడు బార్నీ.

“నాలుగు. గోక్కుందామంటే వేలు పట్టి చావదు.”

పదకొండో నంబరు ఊరివాళ్ళే నడిపే అగ్నిమాపక దళం మీటింగులో బయటపడింది. చర్మం మీద చీమలు పాకుతున్నాయి, తీరా చూస్తే ఒక్కటీ ఉండదు. “ముందు ఆ గొట్టం పట్టుకో తల్లీ, చీమల సంగతి తరవాత చూద్దాం” అన్నాడు కెప్టెన్. పద్నాలుగోది ఏకంగా చర్చిలో, అందరూ తలవంచుకుని మౌనంగా ఉన్న సమయంలో. “ఎవరో రబ్బరుబ్యాండు లాగి వదిలినట్టు ఒంట్లో షాకు!” అని కేక పెట్టింది. పాదరీగారు ఏమనాలో తోచక ఆమెన్ అన్నారు. ఈమధ్య బార్నీ కొట్టు ముందు నల్లబల్ల మీద సాసేజ్ ధర కింద ‘రేలీన్: 22’ అని సుద్దముక్కతో రాసి పెడుతున్నాడు.

ఇవి చాలనట్టు ఆ టోపీ ఒకటి. వేసవి ఎండకి రోడ్డు మీద తారు కరుగుతుంటే, కుక్కలు నాలుకలు వేలాడేసి బండ్ల కింద దూరుతుంటే, రేలీన్ మాత్రం చెవుల దాకా ఉన్ని టోపీ లాక్కుని తిరిగేది. ఎరుపూ నలుపూ చారలు, నెత్తిన కుచ్చు. ఎందుకని అడిగితే, “మూడో నంబరు. తలకి చలి” అనేసింది. ఇన్నేసి నంబర్లున్న మనిషిని రెట్టించి అడిగే ఓపిక ఎవరికుంటుంది?

ఆమె పొరుగింటి లినెట్‌ది పూర్తిగా వేరే తత్వం. తుమ్మొచ్చినా కర్టెన్లు మూసి తుమ్మే రకం. ఇరవై ఏళ్ళ స్నేహం కాబట్టి రేలీన్ పక్కన నడిచేది గానీ, కొట్లోకి అడుగుపెట్టేముందు బతిమాలుకునేది.

“ఇవాళన్నా కాస్త గొంతు తగ్గించవే. పరువు పోతోంది.”

“నా ఒళ్ళు, నా పరువు. మధ్యలో నీదేం పోయింది?”

నాలుగు నెలల నుంచి లినెట్‌కి పోయింది పరువు కాదు, రుచి. నాలుక పొద్దస్తమానం వేడి టీకి కాలినట్టు మండుతోంది. ఏం తిన్నా తుప్పుపట్టిన మేకు నాకినట్టుంటోంది. ఇంకెవరికైనా అయితే అది నాలుగు ముద్దల బాధ. లినెట్‌కి అది ప్రాణసంకటం, ఎందుకంటే పదకొండేళ్ళుగా ఏటా జరిగే ఊరి షో పోటీల్లో జాములకీ, పండ్ల తొక్కలతో చేసే మార్మలేడ్‌లకీ జడ్జి ఆవిడే. చుట్టుపక్కల ఆరు ఊళ్ళలో ‘లినెట్ నాలుక’ అంటే తిరుగులేదు. భర్త పోయాక ఆవిణ్ణి ఇంట్లోంచి బయటికి లాగింది ఆ పనే. ఇక ఇది పోతే తనెవరు? పైగా నోట్లో ఏదో మాయదారి రోగం పుట్టిందేమోనని భయం. డాక్టరు దగ్గరికి వెళ్తే పేరు పెట్టేస్తాడని వెళ్ళలేదు. మంగళవారం రేలీన్ ఇంట్లో టీలో ఐసుముక్క వేసుకుని, ఇష్టమైన కొబ్బరి కేకు సగం వదిలేసి వచ్చింది.

“ఏమే, కేకు బాగాలేదా?” అంది రేలీన్.

“ఆకలి లేదు. నీ చెంచా కూడా ఇనుము వాసనేస్తోంది” అంది లినెట్. రేలీన్ రెట్టించలేదు. లినెట్ ఊపిరి పీల్చుకుంది.

షో రోజున రేకుల షెడ్డులో బల్లల మీద నలభై రెండు జాడీలు వరసగా నిలబడ్డాయి. ఆ షెడ్డుకి పెద్ద డెల్మా గారు. డెబ్భై ఎనిమిదేళ్ళు, చేతిలో కర్ర, దానికన్నా గట్టి నోరు. ఆవిడ పెట్టిన రూలు ఒకటుంది. జడ్జి రుచి చూస్తుంటే పక్కన నిలబడి మార్కులు రాసే మనిషి నోరు మెదపకూడదు. మెదిపితే తెల్ల ఏప్రన్ విప్పేసి బయటికి నడవాల్సిందే, మళ్ళీ జన్మలో రానివ్వరు. తొమ్మిదేళ్ళుగా ఆ రాసే మనిషి రేలీనే. ఏడాది మొత్తంలో ఆవిడ గంటసేపు నోరు మూసుకునేది అప్పుడే కాబట్టి, ఆ వింత చూడ్డానికే సగం ఊరు షెడ్డుకి వచ్చేది. రేలీన్ ఆ ఏప్రన్‌కి గంజి పెట్టి ఇస్త్రీ చేసుకుని, మెడల్ వేసుకున్నంత గొప్పగా కట్టుకునేది.

లినెట్ చెంచా ముంచింది. తుప్పు. రెండో జాడీ. తుప్పు. ఇక చేసేదేముంది, కళ్ళతోనే నెట్టుకొచ్చింది. రంగు చూసింది, వెలుతురుకి ఎత్తి చూసింది, ఒంచి బిగువు చూసింది. ఆఖరికి బంగారంలా మెరిసిపోతున్న ఒక నారింజ మార్మలేడ్ వైపు వేలు చూపించి, “దీనికి ఫస్టు” అంది.

డెల్మా గారు కర్ర పొడుచుకుంటూ వచ్చి, తన చెంచాతో ఆ జాడీలోంచి ఓ చుక్క నాలిక్కి రాసుకున్నారు. మొహం చిట్లింది.

“లినెట్, ఇది అడుగంటింది. మాడు కంపు. దీనికా ఫస్టు?”

జనం మెడలు సాచి చూశారు.  పదకొండేళ్ళ పేరు ఒక్క చెంచాతో పోతోందని లినెట్‌కి అర్థమైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఇరవై మూడో నంబరు!” అని అరిచింది రేలీన్.

చేతిలో పెన్ను విసిరేసి, రెండు చేతులతో నోరు పట్టుకుంది. “నాలుక మండిపోతోంది బాబోయ్! పొయ్యి నాకినట్టుంది! కేకు తిన్నా ఇనుమే, టీ తాగినా ఇనుమే! ఈ వయసులో ఎవరికైనా ఇలా వచ్చిందా, లేక నేనొక్కదాన్నేనా పాపిష్టిదాన్ని?”

“నోరు ముయ్యి! ఏప్రన్ విప్పు!” అన్నారు డెల్మా గారు.

రేలీన్ ముడి విప్పింది. గంజిపెట్టిన ఏప్రన్ మడతపెట్టి బల్ల మీద ఉంచింది. ఒక్క క్షణం దాని మీద చెయ్యి ఆనించి తీసేసింది. అది చూశాక లినెట్ వల్ల కాలేదు.

“నాక్కూడా” అంది. గొంతు తనకే వినపడలేదు. మళ్ళీ గట్టిగా అంది. “నాక్కూడా అంతే డెల్మా గారూ. నాలుగు నెలలుగా నాకు ఏ రుచీ తెలీడంలేదు.”

డెల్మా గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. “ఓసి పిచ్చిమొద్దుల్లారా! నాకు రెండేళ్ళున్నాయి ఆ మంటలు. మా ఆయన వంట పాడుచేశావని తిడితే, గరిటె ఆయన చేతికే ఇచ్చాను. తరవాత పోయాయి. సోమవారం డాక్టరు దగ్గరికి నడువు. ఇవాళ్టికి రుచి నేను చూస్తాను, రంగూ బిగువూ నువ్వు చూడు.” ఏప్రన్ తీసి రేలీన్ మీదికి విసిరారు. “కట్టుకో. రాయడానికి మనిషి కావద్దూ?”

మధ్యాహ్నం లినెట్ షెడ్డు వెనక్కి వెళ్ళేసరికి రేలీన్ సాసేజ్ మీద పండుమిరపకాయల సాసు గుమ్మరించుకుని లొట్టలేస్తూ తింటోంది. లినెట్ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. కాస్త ఎడంగా రేలీన్ మొగుడు కాలిన్ కాఫీ తాగుతున్నాడు.

“దాని నాలుక మండటంలేదా?” అంది లినెట్.

“దాని నాలుకకేం, గుండ్రాయిలా ఉంది.”

“మరి చెవి దురద? చీమలు?”

“ఒక్కటీ దానిది కాదు. ఎవరివో నాకూ చెప్పదు. ఎవరో ఒకరు ముందు గట్టిగా అనేస్తే మిగతావాళ్ళకి భయం తీరుతుందంటుంది. దాని ఒంటికి వచ్చింది ఒకటే. అదొక్కటే ఎవరికీ చెప్పదు.”

“ఏమిటది?”

“నేనూ చెప్పను, చంపేస్తుంది. మా స్నానాలగది తూము నెలకి రెండుసార్లు విప్పి శుభ్రం చేస్తున్నాను. అంతవరకే నేను చెప్పేది.”

అప్పుడే గాలి విసిరింది. రేలీన్ సాసేజ్ వదిలేసి రెండు చేతులతోనూ ఉన్ని టోపీ అదిమిపట్టుకుంది. లినెట్‌కి అంతా అర్థమైపోయింది. ఆరో నంబరు తరవాత బార్నీ పెళ్ళాం షిర్లీ, “హమ్మయ్య, నాక్కూడా” అనడం గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరిని చూసి సిగ్గుపడిందో తలుచుకుని తనమీద తనకే సిగ్గేసింది.

సోమవారం డాక్టరు నోరంతా చూసి, రక్తపరీక్ష చేయించి, భయపడాల్సిందేమీ లేదన్నాడు. శనివారం బార్నీ కొట్టు జనంతో కిటకిటలాడుతుంటే, లినెట్ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కెళ్ళి, మూడోసారి కళ్ళు మూసుకుని లోపలికొచ్చింది.

“ఇరవై నాలుగో నంబరు!”

బార్నీ కత్తి గాల్లో ఆగిపోయింది. “నువ్వా?”

“నేనే. నా జుట్టు రాలిపోతోంది. కుచ్చులు కుచ్చులుగా.”

బార్నీ ఆవిడ జడ చూశాడు. మణికట్టంత లావు. “ఎక్కడ రాలిందమ్మా? ఆ జడతో పొట్టేలుని కట్టేయొచ్చు.”

“లోపల్నించి రాలుతోంది. నీకేం తెలుసు?”

“నా సంగతి చూడండి” అంది షిర్లీ బల్ల వెనకనుంచి ముందుకి ఒంగి. “పాపిట రోడ్డంత వెడల్పయింది. ఎవరికీ చెప్పుకోలేక చస్తున్నాను.”

వరసలో మూడో మనిషి రేలీన్.  లినెట్ వైపే చూస్తూ నిలబడింది.

“అబద్ధాలకోరుదానా” అంది మెల్లగా.

“నీ దగ్గరే నేర్చుకున్నానే” అంది లినెట్.

రేలీన్ కుచ్చు పట్టుకుని టోపీ లాగేసింది. పల్చబడ్డ జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుపోయి ఉంది. “అబ్బ, ప్రాణం లేచొచ్చింది” అంది నవ్వుతూ. “వేసవంతా ఉడికి చచ్చాననుకో!”

బార్నీ సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల ముందు తటపటాయించాడు. “ఇంతకీ ఈ ఇరవై నాలుగు ఎవరి పేరున రాయను?”

“ఇద్దరి పేరునా రాయి” అంది రేలీన్. “చాప్స్ మాత్రం విడివిడిగా కట్టు.”