ఆయన పక్కన ఒక మనిషి చోటు

పొలాలు కొలిచే యంత్రాలను బాగుచేయడం నా వృత్తి. ఇంట్లో మిక్సీ బాగుచేయడం మాత్రం నా వల్ల కాదు. ఈ సంగతి మా ఆవిడ ఇంటికొచ్చినవాళ్లందరికీ కాఫీతో పాటు అందిస్తుంది.

రాజమండ్రిలో మా సర్వీసు సెంటరుకు వచ్చేవాటిలో పూర్తిగా పాడైన యంత్రాలంటే నాకు గౌరవం. అవి నిజాయితీగా పాడవుతాయి. నన్ను ఏడిపించేవి అప్పుడప్పుడు మాత్రమే పాడయ్యేవి. పొలంలో మొరాయిస్తాయి. నా బల్ల ఎక్కగానే, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడిపిల్లల్లా చేతులు కట్టుకుని కూర్చుంటాయి.

ఆమధ్య నరసాపురం వైపు నుంచి వచ్చిన రోబోటిక్ టోటల్ స్టేషను ఆ జాతిదే. అది మూడు కాళ్ల మీద నిలబడుతుంది. దూరంగా ఒక మనిషి కర్రకు బిగించిన గాజు ప్రిజాన్ని పట్టుకుని నడుస్తూ ఉంటే, ఆ ప్రిజాన్ని తనంతట తానే వెతుక్కుని, అది ఎటు వెళ్తే అటు తల తిప్పుతూ కొలతలు తీస్తుంది. ఒకసారి దొరికిందంటే, కొత్తగా పెళ్లయినవాడు భార్యను చూసినట్టు, ఇక చూపు మరల్చదు.

దాన్ని తెచ్చిన సర్వేయరు నా ఈడువాడే.

"ఒకరోజు ఒకటి చెబుతోంది, ఇంకోరోజు ఇంకోటి చెబుతోందండి" అన్నాడు.

"మనలో చాలామంది అంతే కదండీ" అన్నాను.

అతను నవ్వలేదు. నవ్వే పరిస్థితిలో లేడని తర్వాత తెలిసింది. వాళ్ల ఊళ్లో కాలవ గట్టును వెడల్పు చేసి రోడ్డు వేయబోతున్నారు. గట్టుకు ఆనుకుని చర్చివారి సమాధుల తోట. రెండింటికీ మధ్య హద్దుగా ఒక మూలరాయి. యంత్రం కొన్ని రోజులు రాయిని రాయి ఉన్నచోటే చూపిస్తోంది. కొన్ని రోజులు తోట లోపలికి జరిపేస్తోంది.

"ఎంత తేడా?"

"ఒక మనిషి పడుకునేంతండి."

ఈ కొలమానం మా మాన్యువల్లో లేదు.

"రాయి కళ్లెదురుగానే ఉంది కదండీ?"

"మన కళ్లని పై ఆఫీసులో ఎవరు నమ్ముతారండి? తేడా ఎందుకొస్తోందో ఈ వారంలో తేల్చకపోతే లోపలి గీతే ఖాయం చేసేస్తామంటున్నారు. గీత లోపలికి జరిగితే టీచరు గారి చోటు రోడ్డు కిందకి పోద్ది."

టీచరు గారంటే ఆ ఊరి బడిలో పనిచేసి రిటైరైన పెద్దావిడ. భర్తను ఆ రాయికి దగ్గర్లోనే సమాధి చేశారు. సమాధికీ రాయికీ మధ్య ఆవిడ కోసం చోటు వదిలారు. తోట నిండిపోయింది, మళ్లీ పక్కపక్కన దొరికే చోటు లేదు.

బల్ల మీద బ్యాటరీ, కేబుళ్లు, రేడియో, ప్రిజం అన్నీ చూశాను. ఏ రోగమూ లేదు. యంత్రంతో పాటు ఆ ఊరు వెళ్లి రోజంతా కొలిపించాను. ఒక్క తప్పు లేదు. రాయి రాయి దగ్గరే ఉంది. ఆ రోజు టీచరు గారికి జ్వరమట, రాలేదు. "ఒంట్లో బాగుంటే మేమొచ్చినప్పుడల్లా వచ్చేస్తారండి" అన్నాడు సర్వేయరు. నేను ఆ మాటను వినవలసినంతగా వినలేదు. కేబుళ్ల గురించి ఆలోచిస్తున్నాను.

మర్నాడు మళ్లీ వెళ్లాం. అప్పటికి ఆవిడ వచ్చి ఉన్నారు. నల్ల గొడుగు, నీళ్ల సీసా, పాత గుడ్డ ముక్క.

"నువ్వేనా బాబూ, రాజమండ్రి డాక్టరువి?"

"యంత్రాలకేనండి."

"పర్లేదులే. మనుషుల డాక్టరుకి కూడా నా జ్వరం ఎందుకొచ్చిందో తెలీలేదు." సమాధి వైపు చూశారు. "మంచం మీద కూడా ముప్పాతిక ఆయనదే. నేను గోడకి అంటుకుని పడుకునేదాన్ని. ఇప్పుడు గవర్నమెంటు కూడా ఆయన పక్షమే అన్నమాట."

నేను నవ్వాను. ఆవిడ నవ్వి ఆగి, "గోడ వారనైనా పక్కనుంటే చాలు బాబూ" అన్నారు. నేను వంగి యంత్రం కాళ్లు బిగించాను.

తర్వాత ఆవిడ గుడ్డ తడిపి సిలువను తుడవడం మొదలుపెట్టారు. గట్టు మీద ఇసుక లారీలు తిరుగుతాయి, రెండు రోజులకే అంతా దుమ్ము.

"ఎవరైనా వస్తున్నారంటే ఇలా మాసిపోయి ఉంటే ఏం బాగుంటుంది? చుట్టాలొస్తే లోపలికి పరుగెత్తి చొక్కా వేసుకునే మనిషి."

దుమ్ము పోయేసరికి సిమెంటు సిలువ అంచుల వెంట పసుపు రంగు రేడియం స్టిక్కరు కనిపించింది. బళ్ల నంబరు ప్లేట్ల మీద లైటు పడితే మెరుస్తుందే, అదే. సాయంత్రాలు ఆవిడ టార్చి వేసుకుని వస్తారట. వెలుగు పడితే గట్టు మీద నుంచే ఆయన కనిపించాలని అతికించారట.

"షాపు కుర్రాడు బండి నంబరెంతండీ అనడిగాడు. బండి కాదు నాయనా, మా ఆయన అన్నాను."

మేం పనిలో పడ్డాం. కర్ర పట్టుకున్నతను రాయి మీద నిలబడ్డాడు. గాలికి ఒక కొబ్బరిమట్ట ఊగి, ఒక్క క్షణం ప్రిజానికి అడ్డొచ్చింది. యంత్రం ప్రిజాన్ని పోగొట్టుకుంది, వెతికింది, తల కొంచెం పక్కకు తిప్పి ఆగింది. దొరికిందని స్క్రీను మీద చూపించింది. కర్ర ఉన్నచోటే ఉంది, మనిషి ఉన్నచోటే ఉన్నాడు. అనుమానించడానికేమీ లేదు. నేను వంగి దుర్భిణిలో కన్ను పెట్టాను. ప్రిజం కనిపించాలి. శుభ్రంగా తుడిచిన సిలువ కనిపించింది.

మెరిసి వెలుగును వెనక్కి పంపేదేదైనా దానికి ప్రిజమే. దుమ్ము ఉన్న రోజుల్లో అది ఆయన్ను పట్టించుకోలేదు. ఆవిడ తుడిచిన రోజుల్లో మూలరాయిని ఆయన తలాపికి చేర్చింది.

"ఏమైంది బాబూ?"

"ఏం లేదండి. కాసేపు సిలువకి గొడుగు పడదామా? ఎండగా ఉంది."

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. ఆవిడ ఆకాశం వైపు చూసి, నా వైపు చూశారు.

"అబద్ధం చెప్పేటప్పుడు పిల్లలు ఎటు చూస్తారో నాకు తెలుసు. చెప్పు."

చెప్పాను. ఆవిడ చేతిలో తడి గుడ్డ అలాగే ఉండిపోయింది.

"అంటే తుడిచి తుడిచి నన్ను నేనే బయటికి తోసుకున్నానా?"

"మీరు కాదండి. మేం రాయిని చూడమంటే, అది ఆయన్ని చూసింది. నచ్చినట్టున్నారు."

ఆవిడ గుడ్డను పిండారు. తర్వాత, "నాకూ అంతే" అన్నారు. "మా నాన్న చూపించిన సంబంధం వేరు."

సిలువ పక్కన, తన కోసం వదిలిన చోటులోనే నిలబడి, ప్రిజానికి అడ్డు రాకుండా గొడుగు వంచి ఆయనకు పట్టారు. ప్రతిసారీ ప్రిజాన్ని ఒక్క క్షణం చేత్తో మూయించి, గొడుగు తీసి కొలిచాం, పట్టి కొలిచాం. తీస్తే గీత లోపలికి వచ్చింది, పడితే రాయి దగ్గరికి వెళ్లింది. పై ఆఫీసుకు చూపించడానికి ఇక వేరే ఏమీ అక్కర్లేదు.

సర్వేయరు మొట్టమొదటిసారి నవ్వాడు. "టీచరు గారూ, మీరు నిలబడ్డ చోటు తోటలోనే ఉందండి."

ఆవిడ తల వంచి తన కాళ్ల కింది నేలను అటూ ఇటూ చూసుకున్నారు.

"కాస్త ఇరుకే. సర్దుకుంటాలే" అన్నారు. "ఇక గొడుగు తియ్యొచ్చా బాబూ?"

"తీసెయ్యండి."

కర్ర మనిషి ప్రిజం ఊడదీసి పెట్టెలో పెట్టేశాడు. ఆవిడ గొడుగు ముడిచి సిలువను మళ్లీ తుడవసాగారు. ప్రిజం పోగొట్టుకున్న యంత్రం కాసేపు అటూ ఇటూ వెతికి, తల తిప్పి, ఆయన మీద ఆగింది.

పనైపోయాక యంత్రాన్ని ఆపేయాలి, అది పద్ధతి. బ్యాటరీ ఇంకా ఉంది కదా అని కాసేపు అలాగే వదిలేశాను.