మా ఆయన పేరు ఇచ్చేశారు

పెళ్ళయిన దగ్గర్నుంచి మా ఆయన పేరు నేను నోటితో అనలేదు. మా అమ్మ మా నాన్న పేరు అనలేదు, మా అత్త మా మామ పేరు అనలేదు. నేను ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్ని. ఆడా మగా సమానమని పిల్లల చేత బట్టీ పట్టిస్తాను. అయినా ఈ ఒక్క విషయంలో మా అమ్మ కూతుర్నే. అలాంటిది, ముక్కూ మొహం తెలియని వకీలెవడో ఆ పేరుని కాగితం మీద అచ్చు కొట్టించి, తండ్రి పేరూ డోరు నంబరూ చేర్చి, పక్కన ప్రతివాది అని తగిలించి మా కంచరపాలెం ఇంటికి పంపించాడు. పోస్టుమాన్ సంతకం అడిగితే మా ఆయన నవ్వుతూ పెట్టాడు. ఇంగ్లీషులో ఉంది కాబట్టి చదివింది నేను.

చదివేకొద్దీ నా చెవులు వేడెక్కాయి. ఒక సినిమా కంపెనీ వాళ్ళ కొత్త సినిమాని ఇంటర్నెట్లో ఎవరెవరో దొంగతనంగా పంచిపెట్టారట. ఆ ఎవరెవరో ఎవరో తెలియదు కాబట్టి ముందు పేరు తెలియని వ్యక్తులని రాసి వేరే రాష్ట్రంలో కోర్టుకెళ్ళారు. వాళ్ళ దగ్గరున్నవి మనుషుల పేర్లు కావు, మధ్యలో చుక్కలు పెట్టిన పొడుగాటి నంబర్లు. ఇంటర్నెట్ వాడేటప్పుడు ప్రతి ఇంటికీ అలాంటి నంబరొకటి ఉంటుందట. ఈ నంబర్లు ఎవరివో చెప్పమని కోర్టు ఇంటర్నెట్ కంపెనీలని ఆదేశించింది. మా నెట్టు కంపెనీ వాడు చెప్పేశాడు.

మాకు ఒక్క ఫోను చేయలేదు, ఒక్క ముక్క చెప్పలేదు. బిల్లు కాస్త ఆలస్యమైతే పొద్దస్తమానం మెసేజీలు కొట్టేవాడు, మా ఆయన పేరూ ఆధార్ నంబరూ పట్టుకెళ్ళి కోర్టుకి అప్పజెప్పేటప్పుడు మాత్రం నోరు మూసుకున్నాడు. ఇలా ఇస్తున్నాం, మీరేమైనా చెప్పుకుంటారా అని అడిగితే వాడి సొమ్మేం పోయింది? కోర్టయినా అడగలేదు. మా గురించి అంత విచారణ మేము లేకుండానే జరిగిపోయింది. కంచే చేను మేయడమంటే ఏమిటో పిల్లలకి ఇకమీద ఈ ఉదాహరణే చెబుతాను.

మా ఆయన పోర్టులో పని చేసేవాడు. ఓడల్లోంచి దిగిన సరుకుని లారీలకెక్కించే ఒక ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజరు. పోర్టు గేటు దాటాలంటే పాసుండాలి. పాసు గడువు తీరినప్పుడల్లా పోలీసు విచారణ జరగాలి, మనిషి మీద ఏ మచ్చా లేదని కాగితం రావాలి. ఆ పాసు గడువు ఆ ఏడాదిలోనే తీరిపోతోంది. పాసు లేకపోతే పని లేదు. నా జీతంతో బియ్యమూ గ్యాసూ వస్తాయి, అంతే. అందుకే ఆ నోటీసులో ప్రతివాది అన్న మాట చదివినప్పుడు నాకు కోర్టు కనపడలేదు, పోర్టు గేటే కనపడింది.

మీరేం చేశారని అడిగాను. ఆయన సినిమా పేరు రెండుసార్లు చదివించుకుని అన్నాడు.

"ఇది పందిట్లో ఏసిన సినిమా గదే. అమ్మోరి పండక్కి."

మా వీధి అమ్మవారి పండగ సంగతి చెప్పకపోతే ఇదంతా అర్థం కాదు. ఘటం దించి పండగ మొదలెట్టిన రోజు నుంచి అమ్మవారిని సాగనంపే అనుపు దాకా పందిట్లో దీపం కొండెక్కకూడదు. అది మా వీధి కట్టు. మాకు దగ్గర్లోనే రైలు పట్టాలు, గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా గాలి కొట్టి నూనె దీపం ఆరిపోతోందని, కొన్నేళ్ళ కిందట కమిటీ వాళ్ళు దాని పక్కన ఒక ఎర్ర బల్బు కూడా పెట్టారు. బల్బూ దీపమే అన్నారు. దాని స్విచ్చుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఎవరి చేయీ తగలకుండా పైన ప్లాస్టర్ అంటించారు. కరెంటు పోతే ఆగకూడదని ఇన్వర్టర్ కూడా తగిలించారు.

ఈసారి పండక్కి వీధిలో తెర కట్టి కొత్త సినిమా వేద్దామన్నారు. కమిటీ పెద్ద మా ఆయనకి వరసకి మావయ్య, రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఆయన అల్లుడు భీమిలి నుంచి కంప్యూటరూ ప్రొజెక్టరూ తెచ్చాడు. పందిరి మా గోడకి ఆనుకునే ఉంటుంది కాబట్టి నెట్టు మా ఇంట్లోంచి తీసుకుంటామన్నారు. మా ఆయన కిటికీలోంచి వైరు లాగి ఇచ్చాడు. అమ్మవారి పని కదా, ఎవరు కాదంటారు? కంప్యూటరు ప్లగ్గు కూడా ఆ పసుపు బోర్డుకే పెట్టారు, దీపానికీ దానికీ స్విచ్చు ఒక్కటే. వీధి వీధంతా చాపలేసుకుని సినిమా చూశారు. నేను శనగలు ఉడకబెట్టి పంచాను.

తరవాత ఏం జరిగిందో మా వకీలు చెప్పాడు. కోర్టు దగ్గర చిన్న గది ఆయనది, ఓపికైన మనిషి. ఆ అల్లుడు వాడిన పద్ధతిలో సినిమా ఊరికే మన దగ్గరికి రాదట. వచ్చిన ముక్కల్ని వచ్చినట్టే మన కంప్యూటరు మిగతావాళ్ళకి పంచుతూ పోతుందట, అది నడుస్తున్నంతసేపూ. మీరు చూసి ఆపేసి ఉంటే వీళ్ళ కంట పడేవారు కాదేమో, అన్ని రోజులు ఎందుకు ఆపలేదని అడిగాడు. ఏమని చెప్పను? అల్లుడు దాన్ని నడుస్తుండగానే వదిలి వెళ్ళాడు, విడిగా ఆపడం మాకు తెలియదు, స్విచ్చు ఆపితే దీపం కొండెక్కుతుంది. అనుపు దాకా మా వీధిలో ఒక్క చేయి ఆ స్విచ్చు మీద పడలేదు. మేమంతా దణ్ణాలు పెట్టుకుంటూ తిరుగుతుంటే, ఆ కంప్యూటరు అమ్మవారి పక్కన కూర్చుని ప్రపంచానికంతా సినిమా పంచుతూనే ఉంది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది, వకీలు మంచినీళ్ళిచ్చాడు.

ఒక మాట ఒప్పుకుంటాను. సినిమా తీసినవాడి కష్టం కష్టమే. మేము చూసింది దొంగ సినిమాయే, అందులో నా కళ్ళూ ఉన్నాయి. వీధంతటినీ నిలబెట్టి తిట్టి ఉంటే తల వంచుకునేదాన్ని. నా మంటల్లా, వీధంతా తిన్న విందుకి ఒక్కడి ఆకు ఎత్తమనడం మీద. నంబరు ఇంటిది, పేరు బిల్లు కట్టేవాడిది, చేసిన చేయి ఎవరిదో మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

ఆ కంపెనీ అక్కడితో ఆగలేదు. కోర్టు ఇప్పించిన పేరు పట్టుకుని ఇక్కడి పోలీసులకీ కంప్లయింటు పెట్టింది. ఒక కానిస్టేబుల్ వచ్చి వరండాలో కూర్చుని, మీ ఇంట్లో కంప్యూటర్లెన్ని అని అడిగాడు. ఒక్కటీ లేదన్నాను. ఆయన అదే రాసుకుని, టీ తాగి, పైనుంచి వచ్చింది మేడమ్, మేమేం చేస్తాం అని వెళ్ళిపోయాడు. ఆ కంప్లయింటు మాత్రం వెళ్ళలేదు.

నేను కమిటీని కూర్చోమన్నాను. గుడి పక్క రేకుల షెడ్డులో కూర్చున్నారు. మీలో నలుగురు వచ్చి, ఆ వైరు వీధి మొత్తానిది, సినిమా అందరం వేసుకున్నాం అని కాగితం రాసిస్తే చాలు, వకీలు చూసుకుంటాడు అని చెప్పాను. బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు. పండగరోజు మా ఆయన్ని బావా బావా అని భుజాల మీద చేతులేసి తిరిగినవాళ్ళు ఆ రోజు చెప్పుల వంక చూసుకున్నారు. భీమిలి అల్లుడి ఫోను అప్పటికే ఆగిపోయింది. చివరికి పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అందరం కోర్టుకెక్కితే అమ్మోరి పండగ పరువేటవ్వాలమ్మా? ఆళ్ళేదో సంతకం అడుగుతన్నారంట గదా, ఎట్టేస్తే పోద్ది."

"అమ్మోరి పరువు సరే మావయ్యా, నా మొగుడి పరువు మాటేటి?" అన్నాను.

మా ఆయన లేచి, పద అన్నాడు. ఇంటికొచ్చాక కూడా వాళ్ళని ఒక్క మాట అనలేదు.

పెద్దాయన చెప్పిన సంతకం సంగతి నిజమే. నేనే చేశాను, తప్పైపోయింది, క్షమించండి అని రాసిస్తే వదిలేస్తామని ఆ కంపెనీ వకీలు కబురు పెట్టాడు. ఎంత తేలిక! ఆ కాగితం పోలీసుల చేతికి చేరితే పాసు ఆ రోజే గల్లంతు. సంతకం పెట్టకపోతే కేసు సాగుతుంది, కేసు సాగినన్నాళ్ళూ పాసు రాదు. ఎటు తిరిగినా గేటు మూసే ఉంటుంది. మా ఆయన పెట్టనన్నాడు, నేను పెట్టనివ్వనన్నాను. ఆ ఒక్క విషయంలో ఇద్దరం ఒక మాట మీదున్నాం.

ఎండలు పోయి వానలొచ్చాయి, వాయిదా మీద వాయిదా. ఈలోపు పాసు గడువు తీరింది, ఆయన ఇంట్లో కూర్చున్నాడు. కోర్టు వేరే రాష్ట్రంలో కాబట్టి, చివరికి మా వంతు వకీలు గదిలో, ఆయన లాప్‌టాప్ తెర మీద వచ్చింది. తెర మీద చిన్న చిన్న గడుల్లో మనుషులు, ఒక గడిలో జడ్జిగారు. మా వకీలు చెప్పింది ఒకటే. ఈ నంబరు ఒక ఇంట్లో ఉన్న ఇంటర్నెట్ డబ్బా ఏదో చెబుతుంది, ఆ డబ్బాని ఎవరు వాడారో చెప్పదు. ఇతనే చేశాడనడానికి ఇంకేమైనా ఆధారముందా అని జడ్జిగారు అవతలివాళ్ళని అడిగారు. వాళ్ళ దగ్గర లేదు. అయితే ఈ పేరు కేసులోంచి తీసేయండి అన్నారు. ముందున్న టీ చల్లారకముందే అయిపోయింది. ఈ ప్రశ్న మా పేరు ఇప్పించక ముందే ఎందుకు అడగలేదని నేను తెర మీదకి వంగి అడగబోతే, వకీలు మైకు ఆపేశాడు.

ఆర్డరు పట్టుకుని మర్నాడే మా ఆయన కంపెనీకి వెళ్ళాం. పాసు కాగితాలు అక్కడినుంచే పోవాలి. మేనేజరు మంచివాడే, మా ఆయనంటే గౌరవం ఉన్నవాడే. ఆర్డరంతా చదివి, ఇందులో కనెక్షను ఉన్నంత మాత్రాన చేసినట్టు కాదని ఉంది గానీ చేయలేదని ఎక్కడా లేదు, పోలీసు కంప్లయింటు అలాగే ఉంది అన్నాడు. ఏ కోర్టయినా అలా రాసిస్తుందా? అయినా ఆయనే ఒక దారి చెప్పాడు. నా కనెక్షను ఎవరు వాడారో నాకు తెలియదు అని నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టు, దాన్ని జతచేసి పైకి పంపిస్తాను, పాసు వచ్చేలా నేను చూస్తాను అన్నాడు.

తెల్ల కాగితం ముందు పెట్టాడు. మా ఆయన పెన్ను తీసుకున్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆయన ఆ పెన్నుని కాగితం మీద పడుకోబెట్టాడు.

"తెలీదని ఎలాగ రాత్తానండీ? నాకు తెలుసు గదా."

అయితే వాడిందెవరో రాయి, ఇంకా మంచిది అన్నాడు మేనేజరు. మా ఆయన తల అడ్డంగా ఊపాడు. మేనేజరు ఆయన వైపూ నా వైపూ మార్చి మార్చి చూసి, ఆర్డరు మడిచి చేతికిచ్చేశాడు.

బస్సులో నేను నోరు మూసుకోలేదు. పక్క సీటువాళ్ళు తిరిగి చూస్తున్నా ఆపలేదు. ఎవరి కోసం చేశారిది, ఆ షెడ్డులో కూర్చున్న వాళ్ళలో ఒక్కడు మీ కోసం నోరు విప్పాడా, ఒక్క అబద్ధం రాస్తే ఏం పోయింది అని కడిగేశాను. అన్ని నెలలుగా ఇంటర్నెట్ వాడి మీదా, సినిమా వాడి మీదా, వీధి మీదా దాచుకున్న కోపమంతా ఆయన మీదే పోశాను. ఆయన కిటికీలోంచి బొగ్గు లారీల్ని చూస్తూ కూర్చున్నాడు. మా స్టాపు దగ్గర పడుతుండగా నా వైపు తిరిగాడు.

"ఆళ్ళు నన్నడక్కండా నా పేరిచ్చేసేరు. అదెలాగుంటాదో నాకు తెలుసు. నానింకోడి పేరు ఇయ్యను. తెలీదని దొంగరాత రాసి దాని కింద నా పేరూ ఎట్టను."

బస్సు దిగి ఇంటికొచ్చి అన్నం వండాను.

పాసు రాలేదు. ఇప్పుడాయన గేటు బయట ఒక లారీల యార్డులో పని చేస్తున్నాడు, వచ్చే బండ్లకీ పోయే బండ్లకీ చీటీలు రాస్తాడు. వీధిలో ఎవరైనా ఎదురుపడి, కేసు గెలిచేవంట గదా బావా అంటే, ఊఁ అంటాడు. తమ పేర్లు ఒక మనిషి నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయాయని వాళ్ళకి తెలియదు. నా కోపం ఆరలేదు, ఆరదు కూడా. అందులో ఆయన వాటా మాత్రం ఆ బస్సులోనే తీసేశాను. ఇదంతా రాశాను గానీ ఆ కమిటీ వాళ్ళ పేరు ఒక్కటీ ఇందులో పెట్టలేదు. అది నా మంచితనం కాదు, ఆయన మాట. రాయమని నా చెయ్యి ఇప్పటికీ లాగుతూనే ఉంది.