కింద నోట్‌లో పెట్టిన వాక్యం

కంప్యూటర్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాంను కెర్నల్ అంటారు. అది ఉన్నపళంగా కూలిపోతే ఎందుకు కూలిందో కనిపెట్టడానికి కొన్ని టూల్స్ ఉంటాయి. వాటిని ఎలా వాడాలో చెప్పే ఇంగ్లీషు పేజీలను దిద్దడం నా పని. కోదాడలో ఇంట్లోనే కూర్చొని చేస్తాను. "మా బిడ్డ కంప్యూటరోళ్ల తప్పులు దిద్దుతది" అని మా అమ్మ వీధంతా చాటింది. నాకూ ఆ పొగరు కొంచెం ఉండేది, అబద్ధమెందుకు? మెలికలు తిరిగిన వాక్యం కనబడితే చాలు, ఒళ్లు మండేది.

కెర్నల్ కూలిన క్షణంలో మెమరీలో ఉన్నదంతా ఒక ఫైలుగా మిగులుతుంది. దాన్ని రికార్డు అనుకోండి. నేను పేజీ దిద్దిన ఒక టూల్‌లో ఒక్క రికార్డుకే చోటు. కొత్తది పడితే పాతది పోతుంది. అందుకే ఆ పేజీలో మొదటి స్టెప్పు, "పాత రికార్డు ఉంటే ముందు వేరేచోట దాచుకోండి" అని ఉండేది. పాత రికార్డు అందరికీ ఉండదు గదా, స్టెప్పులు తక్కువుంటే చదివేవాళ్లకు హాయి గదా అని నేను దాన్ని తీసి కింద నోట్‌లో పెట్టాను. ఇక మొదటి స్టెప్పు, "కంప్యూటర్‌ను కావాలనే ఒకసారి కూల్చి, రికార్డు పడుతోందో లేదో చూసుకోండి." పైవాళ్లు భేష్ అన్నారు.

పాలిటెక్నిక్ చదివిన మా తమ్ముడు మిర్యాలగూడ దగ్గర ఒక రైసుమిల్లులో, బియ్యంలోంచి నల్లగింజలు ఏరే మిషన్ చూసుకునేవాడు. దాన్ని నడిపే కంప్యూటర్ ఒక్క వారంలో మూడుసార్లు ఆగిపోయింది. గేటు బయట లారీలు నిలబడిపోయాయి. నువ్వే ఏదో పెన్‌డ్రైవ్ పెట్టి చెడగొట్టావని సేటు వాడి మీద విరుచుకుపడ్డాడు. మిషన్ అమ్మినవాళ్లేమో, రికార్డు పంపితే తప్పెవరిదో తేలుతుందన్నారు.

వాడు నాకు ఫోన్ చేశాడు. "అక్కా, గా రికార్డు ఎట్ల తీయాలె?"

నేనప్పుడు ఇంకో పేజీతో తల బద్దలుకొట్టుకుంటున్నాను. "మీ కంప్యూటర్ల ఉన్నది గదే టూల్, నేను రాసిన పేజీ పంపుతున్న. జర చదువుకో రా, నీ బుర్రకు కూడా ఎక్కుతది" అన్నాను.

మధ్యాహ్నం మళ్లీ చేశాడు. గొంతు హుషారుగా ఉంది. "అక్కా, మస్తు ఈజీ ఉన్నది. ఒకసారి కూల్చి సూసిన, రికార్డు పడ్డది. ఇగ పంపుడే."

నేను చేస్తున్న పని ఆపేశాను. "పాతది ముందు దాచినవా?"

"ఏ పాతది?"

అయ్యో దేవుడా! ఫోన్‌లో స్టెప్పులు చదివాడు, చదివినట్టే చేశాడు. నోట్ దాకా వేలు జరపలేదు. ఎందుకు జరుపుతాడు? ఆ ఫైలు తెప్పించుకొని పొద్దుగూకేదాకా వెతికాను. వాడిని బయటపడేసే ముక్క ఒక్కటీ లేదు. కంప్యూటర్‌ను కావాలనే కూల్చినట్టు మాత్రం వాడి లాగిన్ పేరుతో సహా ఉంది.

సేటుకు నేనే ఫోన్ చేసి తప్పు నాదని చెప్పుకున్నాను. "కాయితంల తప్పుంటే మిషన్ ఎట్ల ఆగుతదమ్మా? నీ తమ్ముడని ఎనకేసుకొస్తున్నవ్" అన్నాడు. కెర్నల్ అని మొదలుపెట్టి ఆయనకేం చెప్పను? ఆ వారమే వాణ్ణి పనిలోంచి తీసేశారు.

ఆ వాక్యాన్ని మళ్లీ మొదటి స్టెప్పుగా పెట్టమని దిద్దుబాటు పంపాను. "ఈ సంగతి నోట్‌లో ఇప్పటికే ఉంది" అని తిప్పికొట్టారు. నేను పెట్టిన నోటే. ఏడుపొచ్చింది. మళ్లీ పంపాను. మళ్లీ అదే జవాబు. పేజీ ఇంకా అలాగే ఉంది.

తమ్ముడిప్పుడు సూర్యాపేటలో ఫోన్లు బాగుచేసే దుకాణంలో ఉన్నాడు. మొన్న ఆదివారం ఇంటికొస్తే ఇక ఆగలేక అడిగేశాను. "నడుస్తున్న కంప్యూటర్ను కూల్చమంటే అనుమానం రాలేదా రా? ఎవర్నన్న ఒక మాట అడగొద్దా?"

వాడికి నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేది.

"వేరేటోళ్లు రాసింది అయితే అడుగుదును అక్కా" అన్నాడు. "నువ్వు రాసినవ్ గదా."