అవ్వ చాపిన కాళ్లు

మా ఎదురింటి అవ్వ పోయింది. మొన్న శుక్రవారం పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి తయారవుతుంటే ఆమె కొడుకు గడపలో నిలబడి, "అక్కా, అమ్మ లేస్తా లేదు" అన్నాడు. వెళ్లి చేయి పట్టుకుంటే చల్లగా ఉంది. నిద్రలోనే పోయింది. ఇంతకంటే మంచి చావు ఉండదని వీధంతా మెచ్చుకున్నారు. బతుకు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నాను.

ప్రొద్దుటూరులో మా వీధిలో పుట్టిన పిల్లలందరికీ నీళ్లు పోసింది అవ్వే. నాకు పోసింది, నా కొడుక్కి పోసింది, వెనక సందులో సాయిబుల పిల్లలకు పోసింది. పీట మీద కూర్చుని, చీర మోకాళ్లపైకి లాక్కుని, రెండు కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టుకునేది. నీళ్ల వేడి మోచేత్తో చూసేది. నా తల ఇంత గుండ్రంగా ఉందంటే ఆమె చేతుల చలువే. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే తల్లులు బెదిరిపోయేవాళ్లు. ఆమె మాత్రం "ఏడ్సనీ మే, రొమ్ము గట్టిపడతాది" అనేది. కొత్త తల్లులకు ఒకటే పాఠం చెప్పేది: "కాళ్లు దగ్గరికి పెట్టుకోండి. సందుంటే బిడ్డ జారుతాది."

ఆ ఎడమ కాలి మీదే, మోకాలికి కాస్త కింద, ఒక గడ్డ లేచింది. మొదట శనగగింజంత. తర్వాత ఉసిరికాయంత అయి, ఎర్రబడి, ఒక్కోసారి తడి ఊరేది. నొప్పి లేదు. "దాని పాటికి అది ఉండాది, నా పాటికి నేనుండా" అని ఆమె పట్టించుకోలేదు. పట్టించుకున్నది వీధి. నలుగురు బిడ్డలకు ఆమెతోనే నీళ్లు పోయించుకున్న మా పక్కింటామె, తనకు మనవడు పుట్టగానే, "ఏం రోగమో ఏమో, పసిబిడ్డకు అంటుకుంటే ఎవురు దిక్కు?" అంది. ఆ మాట వీధి చివరికి చేరేసరికి కుష్టు అయింది. ఇంక ఎవరూ అవ్వను నీళ్లు పోయడానికి పిలవలేదు. బారసాలలకు మాత్రం పిలిచేవాళ్లు, దూరంగా కుర్చీ వేసి.

దానికీ ఆమె నోరెత్తలేదు. కోడలు కడుపుతో ఉందని తెలిశాక మాత్రం నా దగ్గరికి వచ్చింది. "మే, దీన్ని కోయిచ్చుకుంటా. మనవడో మనవరాలో, నీళ్లు నేనే పొయ్యాల."

పులివెందులలో ఒక చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. గడ్డ కోసి తీసి, పరీక్షకు పంపారు. రెండోసారి పోయినప్పుడు డాక్టరు నెమ్మదిగా చెప్పాడు: "అవ్వా, ఇది చెమట గ్రంథిలో పుట్టిన గడ్డ. క్యాన్సర్ కాదు. ఎవరికీ అంటదు. ఇట్లాంటివే తక్కువ, కాలి మీద ఈ చోట రావడం ఇంకా తక్కువ. పూర్తిగా తీసేశాం, భయపడకు."

తిరుగు బస్సులో అవ్వ నోరు మూయలేదు. ముద్దనూరు వచ్చేలోపు పక్క సీటామెకు చీర ఎత్తి మచ్చ చూపించింది. "చెమటంట మ్మా! ఇన్నేండ్లు కారిచ్చిన చెమటలో రవ్వంత ఈడ ఇరుక్కున్నట్టుండాది. అంటదంట!" నేనూ నవ్వాను. డాక్టరు మాట కాగితం మీద ఉంటే చాలనుకున్నాను, ఎంత పిచ్చిదాన్ని.

కోడలికి పుట్టింట్లో, జమ్మలమడుగులో కాన్పయింది. ఆడపిల్ల. అవ్వ పెసలు, కస్తూరి పసుపు, ఎండిన గులాబీ రేకులు తనే విసిరి సున్నిపిండి చేసి, నన్ను వెంటబెట్టుకుని పోయింది. వియ్యపురాలు నవ్వుతూనే ఎదురొచ్చింది. నాకు కాఫీ స్టీలు గ్లాసులో వచ్చింది, అవ్వకు కాగితం గ్లాసులో. అవ్వ అది గమనించనట్టే తాగి, "బిడ్డకు నీళ్లు నేను పోస్తా" అని కొంగు దోపింది.

"పోసేసినాం వదినా" అంది వియ్యపురాలు.

పెరట్లో నీళ్ల అండా ఇంకా పొగలు కక్కుతోంది. బిడ్డ ఒంటికి రాసిన నూనె అట్లే ఉంది. నేను డాక్టరు చెప్పింది చెప్పాను, కాగితం చూపించాను. "ఉండొచ్చు మ్మా, డాక్టర్లు శానా చెప్తారు. మా బిడ్డ మాకు ముఖ్యం కదా" అంది. అప్పటికే అక్కడున్న అవ్వ కొడుకు గోడకేసి చూస్తూ, "ఈ ఒక్కసారికి ఊరుకో మా" అన్నాడు. కాసేపటికి కూలికి పెట్టుకున్న మనిషి వచ్చి, పీట మీద కూర్చుని, మా కళ్లముందే బిడ్డను కాళ్ల మీద వేసుకుంది.

అవ్వ గుమ్మంలో నిలబడి చూసింది. చూసి చూసి, "మే, కాళ్లు దగ్గరికి పెట్టుకో. బిడ్డ జారుతాది" అంది.

సున్నిపిండి పొట్లం కూడా తిరిగి చేతిలో పెట్టారు. "మేము సబ్బు వాడతాండాము" అన్నారు.

ఐదో నెలలో కోడలు బిడ్డతో వచ్చింది. రోజూ బాత్‌రూములో గడియ పెట్టుకుని నీళ్లు పోసేది. అవ్వ బయట తుండు పట్టుకుని కూర్చునేది. కోడలు తలుపు తీసి, ఆ తుండు పక్కన పడేసి, వేరే తుండు తెచ్చుకునేది. ఊహించి రాయడం లేదు, మా వరండాలోంచి అంతా కనిపించేది. నాకు ఒళ్లు మండిపోయేది. "ఏందవ్వా ఇది, ఎందుకు పడతావు?" అంటే, "నీళ్ల చప్పుడన్నా ఇనపడతాది కదా మే" అనేది.

శుక్రవారం మధ్యాహ్నం పెరట్లో ఆమెకు ఆఖరి స్నానం చేయించారు. వీధి ఆడవాళ్లందరూ వచ్చారు. సగం మంది ఆ కాళ్ల మీద పెరిగినవాళ్లే. చెంబులతో దూరం నుంచే పోశారు, ఒంటి మీద చెయ్యి ఎవరూ వెయ్యలేదు. నేను లోపలికి పోయి ఆమె ట్రంకుపెట్టెలో వెతికి ఆ సున్నిపిండి పొట్లం తెచ్చాను. ఇంకా వాసన ఉంది. కాళ్ల దగ్గర కూర్చుని రుద్దుతుంటే పక్కింటామె, "చేతికి కవరన్నా తొడుక్కో మే" అంది.

"నీ నలుగురు బిడ్డలు ఈ కాళ్ల మీద పండుకున్నోళ్లే గదా అత్తా, వాళ్లకు తొడిగినావా కవర్లు?" అన్నాను. మచ్చ నా వేలి కింద నున్నగా తగిలింది.

పసుపు కలిసిన నీళ్లు కోడలి వైపు పారాయి. ఆమె బిడ్డను గబుక్కున నేల మీద నుంచి ఎత్తుకుని వెనక్కి జరిగింది. చంకలోని బిడ్డ ఆ నీళ్లకేసి చేతులు చాపి కేరింతలు కొట్టింది.

తుడిచి, కొత్త చీర చుట్టి, కాలి బొటనవేళ్లు రెండూ కలిపి గుడ్డపేలికతో కట్టారు. అవ్వ కాళ్లు చాపుకుని పడుకుంది, రెండూ దగ్గరగా, మధ్య సందు లేకుండా.