సిద్దమ్మ పత్తెం

ఇరవై రెండేళ్లుగా సిద్దమ్మ దగ్గరికి వచ్చేవాళ్లు చేపను చూసేవారు. మొప్పలెత్తి చూసేవారు, కాంటా మీది అంకె చూసేవారు. ఈ ఎండాకాలం నుంచి ఆమె చేతులు చూస్తున్నారు.

ఇబ్రహీంపట్నం చెరువు కట్ట దిగాక, రోడ్డు పక్క రేకుల కింద చేపలమ్మే జాగలు నాలుగున్నాయి. మొదటిది సిద్దమ్మది. భర్త అంజిలయ్యకు మోకాళ్లు పట్టేసి వల మానుకున్నాక, ఇల్లు ఆ జాగ మీదే నడుస్తోంది. కత్తిపీట మీద కాలు అదిమిపెట్టి ఆమె రెండు కిలోల బొచ్చె చేపను పన్నెండు ముక్కలు చేసి కవర్లో వేసేసరికి, పక్క జాగలో నీలమ్మ ఇంకా పొలుసు గీకుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఆ చేతులు మణికట్టు దాకా నల్లబడ్డాయి. ఎండకు కమిలిన నలుపు కాదు. తొడుగు వేసుకున్నట్టు ఒక గీత దగ్గర మొదలై, వేళ్ల చివరి దాకా బిరుసెక్కి పగుళ్లు పట్టింది. మెడ చుట్టూ కూడా అదే నలుపు, పట్టీ కట్టినట్టు.

మొదట వచ్చింది వేరే జబ్బు. కిందటి దసరా ముందు వేళ్ల సందుల్లో దురద పుడితే, పసరు మందిచ్చే ముసలాయన దగ్గరికి వెళ్లింది. ఆయన ఆకు పసరు పూసి నలభై రోజులు పత్తెం చెప్పాడు. చేప, గుడ్డు, మాంసం, వంకాయ, పల్లీలు బంద్. పది రోజుల్లో దురద పోయింది. నోరు కట్టుకున్నందుకే పోయిందని సిద్దమ్మ నమ్మింది. నలభై రోజులు దాటాక కూడా పత్తెం విడవలేదు. దానికి తోడు షుగరు భయంతో అన్నం మానేసి రెండు పూటలా జొన్నరొట్టె పెట్టుకుంది. ఆమె కోసిన చేపలు ఎన్నో ఇళ్లలో ఉడికాయి. ఆమె మాత్రం పులుసు చుక్క నాలుక మీద వేసుకోలేదు. ఇంట్లో ఉప్పు సరిపోయిందో లేదో కోడలు తిరుమలే చూసేది.

మార్చిలో చేతులు నల్లబడగానే, పత్తెం ఎక్కడో తప్పిందనుకుంది. పప్పు మానేసింది. తర్వాత పాలు, పెరుగు కూడా మానేసింది. మానిన కొద్దీ ముదిరింది. విరేచనాలు ఆగడం లేదు, నిద్ర పట్టడం లేదు, చిన్న మాటకే ఇంట్లోవాళ్ల మీద కసురుకుంటోంది.

"చేపలమ్మెటామెనే చేప తినకపోతే కొనేటోడు ఎట్ల నమ్ముతడక్కా?" అని నీలమ్మ ఒకరోజు నవ్వింది. సిద్దమ్మ నవ్వలేదు. ఆ వారమే, పదేళ్లుగా హయత్‌నగర్ నుంచి ప్రతి ఆదివారం వచ్చే జయపాల్ సారు చేప ఆమె దగ్గర కొని, కోయమని నీలమ్మకిచ్చాడు. తర్వాతి వారం కొనడం కూడా నీలమ్మ దగ్గరే.

మే చివర్లో మత్స్యకారుల సంఘం పెద్ద నారయ్య వచ్చాడు. మిర్గానికి పదిహేను రోజులుంది. మృగశిర కార్తె మొదలయ్యే ఆ ఒక్కరోజు చేప తినాలని పట్నం జనమంతా కట్ట మీదికి వస్తారు. ఆ రోజు ఎవరు కూర్చుంటే ఏడాదంతా ఆ జాగ వాళ్లదే.

"నీ మీద కోపం లేదక్కా," అన్నాడు నారయ్య. "గిరాకీ ఎన్కకు మర్లుతున్నది. మిర్గం నాటికి తగ్గితే కూసో. తగ్గకుంటే జాగ ఇంకొకరికిస్తం."

మర్నాడు సిద్దమ్మ తిరుమలను వెంటబెట్టుకుని దవాఖానకు పోయింది. పూతమందు ఏదో ఇస్తారనుకుంది. డాక్టరమ్మ చిన్న వయసుది. చేతులు తిప్పి చూసింది, మెడ చూసింది, నాలుక చాపమంది, కడుపు సంగతి అడిగింది.

"నిన్న ఏం తిన్నవమ్మా?"

"జొన్నరొట్టె."

"దేంతోని?"

"కారంతోని."

"మొన్న?"

"గదే."

"పనేం చేస్తవ్?"

"చేపలమ్ముత."

డాక్టరమ్మ రాయడం ఆపింది. పత్తెం సంగతంతా తిరుమల చెప్పింది.

ఇది అంటుకునే జబ్బు కాదంది డాక్టరమ్మ. ఒంట్లో ఒక విటమిన్ బాగా తగ్గిపోతే ఎండ తగిలే చోటల్లా చర్మం ఇలా కాలినట్టవుతుందట. జొన్నరొట్టె తినొచ్చు. కానీ పక్కన ఏమీ లేకుండా నెలల తరబడి అదొక్కటే తినకూడదు. గోళీలు వేసుకోవాలి, చేప, గుడ్డు, పప్పు, పల్లీలు తినాలి.

"పత్తెం తప్పినందుకు రాలేదమ్మా ఇది. పత్తెం చేసినందుకే వచ్చింది."

సిద్దమ్మ తన చేతులకేసి చూసుకుంది. తర్వాత, "అంటుకోదన్నవ్ గద. గది కాయితం మీద రాసియ్యి," అంది.

గోళీలు వేసుకుంది. పప్పు తింది. చేప దగ్గర మాత్రం ఆగిపోయింది. ఎనిమిది నెలలు కట్టుకున్న నోరు. దురద మళ్లీ వస్తే ఎవరిని అడగాలి? నాలుగు రోజులకు విరేచనాలు ఆగాయి, నిద్ర పట్టింది. ఆదివారం జయపాల్ సారు ఆమె వైపు చూడకుండానే నీలమ్మ ముందు నిలబడ్డాడు. ఆ మధ్యాహ్నం సిద్దమ్మ రెండు బొచ్చె తునకలు కవర్లో వేసుకుని ఇంటికొచ్చింది.

తిరుమల పులుసు పెట్టింది. అంజిలయ్య తన పళ్లెం వదిలేసి ఆమెనే చూస్తున్నాడు.

"నువ్వట్ల చూస్తే గొంతు దిగదు," అందామె. ఆయన గోడవైపు తిరిగాడు.

ఆ రాత్రి, మర్నాడు, ఆ మర్నాడు వేళ్ల సందులు చూసుకుంది. దురద రాలేదు. నాలుగో రోజు నుంచి చూసుకోవడం మానేసింది.

మిర్గం నాటికి నల్లటి పొర పొట్టులా లేచిపోయి, వేళ్ల మీద పల్చటి కొత్త చర్మం కనిపిస్తోంది. మణికట్టు దగ్గర గీత అలాగే ఉంది, మెడ మీది మచ్చ పోలేదు. తెల్లవారుతూనే నారయ్య వచ్చి, చేపను చూసినట్టే ఆమె చేతులు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మొత్తం పోలేదు గదక్కా."

"నెలలు పడుతదన్నది డాక్టరమ్మ. అంటుకునేది కాదు. గిదో, సదువుకో."

నారయ్య కాగితం రెండుసార్లు చదివాడు. "గిరాకీ రాకుంటే నన్ననొద్దు," అని పక్కకు జరిగాడు.

ఏడింటికల్లా రేకుల కింద నిలబడే చోటు లేదు. వరుసలన్నీ రోడ్డు దాకా పోయాయి, సిద్దమ్మ వరుసే పొట్టిది. జయపాల్ సారు నీలమ్మ వరుస చివర కాసేపు నిలబడి, టైము చూసుకుని ఇటు వచ్చాడు. ఆయన చూపు నేరుగా ఆమె చేతుల మీదికి పోయింది. సిద్దమ్మ చేతులు దాచుకోలేదు.

"అంటుకునేది కాదు సారు. తిండి తినక వచ్చింది. ఇప్పుడు తింటున్న."

ఆయన ఇంకోసారి చేతులు చూశాడు. నీలమ్మ వరుసా చూశాడు. తర్వాత రెండు కిలోల బొచ్చెను వేలితో చూపించాడు.

"తలకాయ ఒద్దు," అన్నాడు.

సిద్దమ్మ కత్తిపీట మీద కాలు అదిమింది. పన్నెండు ముక్కలు కవర్లో వేసి ఆయనకిచ్చి, తలకాయను తన గిన్నెలో వేసుకుంది.